లక్షకు మూడొందలు

2007 ఏప్రిల్ 18న అమెరికా మార్కెట్లోకి ఒక కొత్త ఫండు వచ్చింది. పేరు యునైటెడ్ స్టేట్స్ నేచురల్ గ్యాస్ ఫండ్. ట్రేడర్లకు అది యూఎన్‌జీ. యూనిట్ 50 డాలర్లతో మొదలైంది. ఆ రోజు అందులో డబ్బు పెట్టి, ఆ సంగతే మర్చిపోయి, 2024 ఫిబ్రవరిలో గుర్తొచ్చి చూసుకున్న మనిషి ఒకడున్నాడనుకుందాం. అతను పెట్టిన ప్రతి లక్షకు మిగిలింది అటూ ఇటూగా మూడొందలు. ముప్పై వేలు కాదు, మూడు వేలు కూడా కాదు. మీరు సరిగ్గానే విన్నారు, మూడొందలు.

గ్యాస్ ధర పడిపోయింది కాబట్టి ఫండూ పడిపోయిందిలే అనుకోవచ్చు. పడిపోయిన మాట నిజమే. 2007 ఏప్రిల్‌లో అక్కడ సహజవాయువు ధర ఏడున్నర డాలర్ల చుట్టుపక్కల ఉండేది. 2024 ఫిబ్రవరిలో రెండు డాలర్ల కిందికి దిగింది. అంటే ధరలో ముప్పాతిక వంతు పోయింది. ఆ లెక్కన లక్షకు ఇరవై, పాతిక వేలైనా మిగలాలి. మూడొందలే ఎందుకు మిగిలాయి? మిగతా డబ్బు ఎటు పోయింది? ఎవరూ దొంగిలించలేదు, మోసం జరగలేదు, ఫండు తన పత్రాల్లో ఏం చేస్తానని రాసుకుందో సరిగ్గా అదే చేసింది. ఈ రోజు నేను మాట్లాడబోయేది ఆ పోయిన డబ్బు గురించే.

ముందు ఈటీఎఫ్ అంటే ఏమిటో ఒక్క మాటలో. షేరులాగా మార్కెట్లో కొని అమ్ముకోగలిగిన ఫండు అది. మన దేశంలో మొదటి బంగారం ఈటీఎఫ్ కూడా 2007లోనే వచ్చింది. బంగారం ఈటీఎఫ్‌లో మీరు డబ్బు పెడితే ఆ డబ్బుతో వాళ్లు నిజంగా బంగారం కొని ఖజానాలో పెడతారు. బంగారం చెడదు, ఇగిరిపోదు, పెద్దగా చోటు పట్టదు. పదేళ్ల తర్వాత తీసినా అదే బంగారం. అందుకే బంగారం ధర ఎంత పెరిగితే, ఫండు ఖర్చులు పోను, మీకూ అంతే పెరుగుతుంది.

గ్యాస్ సంగతి అలా కాదు. దాన్ని ఖజానాలో పెట్టలేరు. కాబట్టి గ్యాస్ ఫండు గ్యాస్ కొనదు. గ్యాస్ ఫ్యూచర్స్ కొంటుంది. అంటే, ఫలానా నెలలో ఫలానా చోట ఇంత గ్యాస్ ఇస్తాను అనే కాంట్రాక్టు. ఆ ఫలానా చోటు లూసియానా రాష్ట్రంలో ఇరాత్ అనే చిన్న ఊరి దగ్గర ఉన్న హెన్రీ హబ్. దేశం నలుమూలలకూ పోయే పైపులైన్లు పదికి పైగా అక్కడ కలుస్తాయి. 1990 నుంచి న్యూయార్క్‌లోని నైమెక్స్ ఎక్స్ఛేంజ్‌లో ఈ కాంట్రాక్టు నడుస్తోంది. ఒక్కో కాంట్రాక్టు పది వేల ఎంఎంబీటీయూలు. ఎంఎంబీటీయూ అనేది వేడికి కొలత. మన వంటింటి సిలిండర్లో ఉండేది ఎల్‌పీజీ, అది వేరే సరుకు. కానీ ఒక అందాజు కోసం చెబుతున్నాను, నిండు సిలిండర్లో ఉండే వేడి ఒక ఎంఎంబీటీయూలో మూడింట రెండు వంతులు. టీవీల్లో గ్యాస్ మూడు డాలర్లు, నాలుగు డాలర్లు అని చెప్పేది ఈ ఒక్క ఎంఎంబీటీయూ ధరే.

కాంట్రాక్టుకు ఎక్స్‌పైరీ ఉంటుంది. నవంబరు గ్యాస్ కాంట్రాక్టు అక్టోబరు నెలాఖరులో, నవంబరు మొదలవడానికి మూడు పనిదినాల ముందు ముగుస్తుంది. అప్పటికీ దాన్ని చేతిలో ఉంచుకున్నవాడు లూసియానాలో గ్యాస్ పట్టుకెళ్లాల్సి ఉంటుంది. ఫండుకు ఆ పని అక్కర్లేదు. అందుకని గడువుకు రెండు వారాల ముందే ఈ నెల కాంట్రాక్టు అమ్మేసి వచ్చే నెలది కొంటుంది. మన కమోడిటీ ట్రేడర్లు రోలోవర్ అనేది దీన్నే. ఏడాదికి పన్నెండు సార్లు ఇది జరగాల్సిందే. డబ్బు పోయే దారి ఇదే.

ఎలా పోతుందో అర్థం కావాలంటే గ్యాస్‌కు ఉన్న రుతుచక్రం తెలియాలి. అమెరికాలో గ్యాస్ ఖర్చయ్యేది ప్రధానంగా చలికాలంలో, ఇళ్లు వెచ్చబెట్టుకోవడానికి. బావులు మాత్రం ఏడాది పొడుగునా ఒకేలా ఇస్తుంటాయి. అందుకని ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా మిగిలిన గ్యాస్‌ను భూమిలోకి దించి దాస్తారు. చమురు, గ్యాస్ ఖాళీ అయిపోయిన పాత క్షేత్రాల్లోకి, ఉప్పు పొరల్లో తొలిచిన గుహల్లోకి పంపుతారు. నవంబరు నుంచి మార్చి దాకా దాన్నే బయటికి తీసి వాడతారు. శరదృతువు చివరికి ఈ నిల్వ దాదాపు 4 లక్షల కోట్ల ఘనపుటడుగుల దాకా చేరుతుంది.

గుంటూరు వాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. మిర్చి కోతలప్పుడు యార్డులో ఉండే రేటు వేరు, అదే మిర్చిని కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఆర్నెల్ల తర్వాత ఇస్తానంటే అడిగే రేటు వేరు. మధ్యలో స్టోరేజీ అద్దె ఉంది, సరుకు మీద తెచ్చిన అప్పుకు వడ్డీ ఉంది. అవి కలుపుకోకుండా ఎవడూ సరుకు ఆపడు. గ్యాస్ కూడా అంతే. జూన్‌లో చూస్తే జూలై గ్యాస్ కంటే ఆగస్టుది కాస్త ఎక్కువ, అక్టోబరుది ఇంకాస్త, జనవరిది బాగా ఎక్కువ. రాబోయే నెలల ధర పైమెట్టు మీద ఉండే ఈ పరిస్థితికి మార్కెట్లో కాంటాంగో అని పేరు.

ఇప్పుడు లెక్క వేద్దాం. మీ పేరున ఫండులో 3,000 డాలర్లు ఉన్నాయి. ఈ నెల కాంట్రాక్టు ధర 3 డాలర్లు, కాబట్టి మీవి వెయ్యి యూనిట్ల గ్యాస్‌తో సమానం. రోలోవర్ రోజు వచ్చింది. వచ్చే నెల కాంట్రాక్టు ధర 3 డాలర్ల 30 సెంట్లు. పాతది అమ్మితే 3,000 వచ్చాయి, కొత్తది 3.30 చొప్పున కొంటే 909 యూనిట్లే వచ్చాయి. ఆ రోజు మీ విలువ ఒక్క సెంటు కూడా తగ్గలేదు. 909 యూనిట్లు, ఒక్కోటి 3.30, ఇంకా 3,000 డాలర్లే. అందుకే రోలోవర్ రోజునే డబ్బు పోతుందని చెప్పేవాళ్ల మాట పూర్తిగా సరైనది కాదు. నష్టం ఆ తర్వాత నెల రోజుల్లో మెల్లగా జరుగుతుంది. గ్యాస్ ఇచ్చే గడువు దగ్గరపడేకొద్దీ ఆ కాంట్రాక్టు ధరలోంచి నిల్వ అద్దె కరిగిపోతుంది. నెల తిరిగేసరికి బయట గ్యాస్ ధర అదే 3 డాలర్లు ఉంటే మీ కాంట్రాక్టు కూడా 3 డాలర్లకు దిగి ఉంటుంది. 909ని మూడుతో గుణిస్తే 2,727. టీవీలో పోయిన నెలా మూడే, ఈ నెలా మూడే. మీ సొమ్ములో మాత్రం తొమ్మిది శాతం పోయింది. గ్యాస్ నిజంగా పది శాతం పెరిగితేనే మీ అసలు మీకు వస్తుంది.

ప్రతి నెలా తేడా ఇంత ఉండదు. ఒక్కో నెల ఒకటి రెండు శాతమే ఉంటుంది, ఒక్కోసారి తిరగబడి వచ్చే నెలదే చవగ్గా ఉంటుంది. దాన్ని బ్యాక్‌వార్డేషన్ అంటారు. అప్పుడు రోలోవర్ మీకే కలిసొస్తుంది. 2022 మొదటి సగంలో యూఎన్‌జీ బాగా లేచిందంటే ధర పెరగడంతో పాటు ఇదీ ఒక కారణం. కానీ పదిహేడేళ్ల మొత్తం లెక్కలో కాంటాంగో నెలలదే పైచేయి. లక్షకు మూడొందలు ఎలా అయ్యాయో ఇప్పుడు మీకే తెలిసింది. గ్యాస్ ధర పడిపోవడం తన వంతు తిన్నది, మిగిలిన దాంట్లో నిల్వ అద్దె నెల నెలా తిన్నది. ఫండు నిర్వహణ ఖర్చు ఏడాదికి ఒక శాతం పైచిలుకు. దీని ముందు అది లెక్కలోకే రాదు.

ఈ పదిహేడేళ్లలో ఫండు ఏం చేసిందో కూడా చూడండి. యూనిట్ ధర మరీ చిన్నదైపోతే మార్కెట్లో నవ్వులాట అవుతుంది కాబట్టి పాత యూనిట్లను కలిపి ఒకటి చేస్తారు. రివర్స్ స్ప్లిట్. యూఎన్‌జీ 2011 మార్చిలో రెండింటిని ఒకటి చేసింది. 2012 ఫిబ్రవరిలో నాలుగింటిని ఒకటి. 2018 జనవరిలో మళ్లీ నాలుగింటిని. 2024 జనవరిలో మళ్లీ నాలుగింటిని. గుణించి చూస్తే తొలినాటి 128 యూనిట్లు ఇప్పటి ఒక్క యూనిట్. యాభై డాలర్ల చొప్పున 128 యూనిట్లకు ఆనాడు పెట్టింది 6,400 డాలర్లు. 2024 ఫిబ్రవరిలో ఆ ఒక్క యూనిట్ ధర ఇరవై డాలర్ల లోపు. ఫోన్లో యాప్ తెరిచి ఈ ఫండు పాత చార్టు చూసిన కొత్తవాళ్లు, అరే, ఇది ఒకప్పుడు వేల డాలర్లుండేదే, ఇప్పుడెంత చవగ్గా దొరుకుతోందో అని మురిసిపోతారు. వేల డాలర్లు ఎప్పుడూ లేదు. స్ప్లిట్లకు సరిచేసి గీసిన గీత అది. చవక అనే మాట ఇలాంటి ఫండు విషయంలో అసలు అతకదు. షేరు అయితే కంపెనీ కోలుకోవచ్చు, పాత ధరకు తిరిగి రావచ్చు. రోలోవర్లో తగ్గిపోయిన గ్యాస్ యూనిట్లు మాత్రం గ్యాస్ ధర పాత చోటికి చేరినా తిరిగి రావు.

ఈ ఫండు పుట్టిన ముహూర్తం కూడా కలిసిరాలేదు. 2008 జూలైలో గ్యాస్ 13 డాలర్లు దాటింది. అప్పటికే టెక్సస్‌లోని బార్నెట్ పొరల్లో బండరాయిని నీటి ఒత్తిడితో పగలగొట్టి గ్యాస్ తీసే పద్ధతి గాడిన పడింది, తర్వాత పెన్సిల్వేనియాలో మార్సెలస్ పొర తెరుచుకుంది. గ్యాస్ వరదలా వచ్చి పడింది. 2012 ఏప్రిల్‌కు ధర రెండు డాలర్ల కిందికి దిగింది. మధ్యలో 2009లో, ధర పడింది కదా, లేవకపోతుందా అని జనం యూఎన్‌జీ మీద ఎగబడ్డారు. ఫండు వందల కోట్ల డాలర్లకు ఉబ్బింది. ఆ జూలైలో అమ్మడానికి అనుమతి ఉన్న యూనిట్లు అయిపోయి కొత్తవి ఇవ్వడం ఆపేసింది. అయినా మోజు తగ్గక, ఉన్న యూనిట్లనే అసలు విలువ కంటే ఎక్కువిచ్చి కొన్నారు. ఇంత పెద్ద ఫండు ఏ వారంలో ఏది అమ్మి ఏది కొంటుందో ముందే అందరికీ తెలుసు. తెలిసినవాడు ముందుగా వచ్చి కూర్చోకుండా ఉంటాడా? అందుకే ఒక్క రోజులో చేసే రోలోవర్‌ను నాలుగు రోజులకు పరిచారు.

ధర ఏ వైపు పోతుందో సరిగ్గా పసిగట్టినా ఈ బేరంలో నష్టపోవచ్చు. 2021 ఫిబ్రవరి గుర్తుందా? టెక్సస్ మొత్తం గడ్డకట్టింది. కరెంటు పోయింది, బావుల మూతులు మంచుతో బిగుసుకుపోయాయి. మా అన్నయ్య కొడుకు అక్కడే ఉంటాడు. ఫోన్ చేశాడు.

“బాబాయ్, ఇక్కడ గ్యాస్ దొరక్క జనం అల్లాడిపోతున్నారు. యూఎన్‌జీ కొన్నాను. పెరక్క ఎక్కడికి పోతుంది?”

“ఒరేయ్, నువ్వు కొన్నది ఏ నెల గ్యాస్?”

“నెలేంటి బాబాయ్, గ్యాస్ గ్యాసే కదా.”

అదే చిక్కు. ఆ వారం హెన్రీ హబ్‌లో చేతికిచ్చే గ్యాస్ ధర ఒకరోజు 23 డాలర్ల 86 సెంట్లు పలికింది. అదే సమయంలో ఫ్యూచర్స్ మూడు డాలర్లు, కొంచెం పైన. ఎందుకంటే ఆ కాంట్రాక్టు మార్చి నెల గ్యాస్‌ది. మార్చికి మంచు కరుగుతుందని మార్కెట్‌కు తెలుసు. ఆ చలికి ఇరవై నాలుగు డాలర్లిచ్చినవాళ్లు ఇచ్చారు, అందుకున్నవాళ్లు అందుకున్నారు. ఫండు పట్టుకున్నవాడికి అందులో వాటా లేదు. వాడు కిటికీలోంచి చూసిన మంచు నిజం. వాడి ఖాతాలో ఉన్నది ఇంకో నెల సరుకు.

మరుసటి ఏడు ఇంకో పాఠం. 2022లో రష్యా ఉక్రెయిన్ యుద్ధంతో యూరప్‌లో గ్యాస్ కటకట. ప్రపంచమంతా గ్యాస్ కరువు అని పతాక శీర్షికలు. జూన్ మొదట్లో హెన్రీ హబ్ ధర తొమ్మిది డాలర్లు దాటింది. జూన్ 8న టెక్సస్ తీరంలో ఫ్రీపోర్ట్ ఎల్‌ఎన్‌జీ టెర్మినల్‌లో పేలుడు జరిగి మంటలు లేచాయి. గ్యాస్‌ను సున్నాకు దిగువన 162 డిగ్రీల దాకా చల్లబరిచి ద్రవంగా మార్చి ఓడలకెక్కించే చోటు అది. టెర్మినల్ మూతపడింది. యూరప్‌లో ధర ఎగిరింది, సరుకు రాదు కాబట్టి. అమెరికాలో ధర కూలింది, సరుకు పోదు కాబట్టి. నెలాఖరుకు హెన్రీ హబ్ ఐదున్నర డాలర్ల దగ్గరికి వచ్చింది. పేలుడు జరిగిందంటే సరఫరా తగ్గుతుంది, ధర పెరుగుతుంది అని ఆ వార్త వినగానే కొన్నవాళ్లు పాపం తప్పుడు ఖండంలో కొన్నారు. చమురుకు దాదాపు ప్రపంచమంతా ఒకటే ధర. గ్యాస్ ధర మాత్రం పైపు చివర ఎంత ఉంటే అంత. ఆగస్టులో హెన్రీ హబ్ మళ్లీ తొమ్మిది దాటింది, ఆరు నెలలు తిరిగేసరికి రెండు చిల్లరకు దిగింది. ఇంత ఊగిసలాట ఉన్న సరుకు కమోడిటీల్లోనే అరుదు.

ఇంత ఊగే సరుకును రెండింతలు చేసి అమ్మే ఫండ్లు కూడా ఉన్నాయి. 2011 అక్టోబరులో వచ్చిన జంట, బాయిల్, కోల్డ్. ఒకటి గ్యాస్ ఫ్యూచర్స్ సూచీ ఒక రోజులో ఎంత పెరిగితే దానికి రెట్టింపు పెరిగేది, రెండోది అంతకు రెట్టింపు తగ్గేది. ఒక రోజులో అన్న మాట వదలకండి. గ్యాస్ వంద ఉంది, ఈ రోజు పది శాతం పెరిగి నూటపది అయింది, రేపు పడి మళ్లీ వందకే వచ్చింది. రెట్టింపు పెరిగే ఫండు ఈ రోజు 120 అయింది. రేపు గ్యాస్ పడింది తొమ్మిది శాతం పైచిలుకు, ఫండు పడింది పద్దెనిమిది శాతం పైచిలుకు. చేతికొచ్చింది 98 రూపాయల 18 పైసలు. సరే, అది పోతే ఎదురు ఫండుకు లాభం రావాలి కదా? అది తొలిరోజు 80 అయింది, రెండో రోజు లేచి 94న్నరకు చేరింది. గ్యాస్ ఉన్నచోటే ఉంది. పెరుగుతుందన్నవాడూ పోగొట్టుకున్నాడు, తగ్గుతుందన్నవాడు ఇంకా ఎక్కువ పోగొట్టుకున్నాడు. రెండు రోజులకే ఇది. ఆర్నెల్లు ఉంచుకుంటే ఏమవుతుందో కాగితం పెన్ను తీసుకుని కూర్చోండి.

మూడింతలవి కూడా ఉండేవి. యూగ్యాజ్, డీగ్యాజ్. అవి ఫండ్లు కూడా కావు, క్రెడిట్ స్వీస్ బ్యాంకు రాసిచ్చిన నోట్లు. 2020 జూలైలో వాటిని ఎక్స్ఛేంజ్ నుంచి తీసేశారు. ఆ తర్వాత కొత్త నోట్లు పుట్టలేదు, పాతవి మాత్రం ఎక్స్ఛేంజ్ బయట చేతులు మారాయి. ఆగస్టులో డీగ్యాజ్ వందల డాలర్ల నుంచి వేల డాలర్లకు ఎగబాకింది. గ్యాస్‌తో దానికి ఏ సంబంధమూ లేదు. ముందుగా అమ్ముకుని, తిరిగి కొనడానికి దొరక్క ఇరుక్కున్నవాళ్ల ఆక్రందన అది.

ఇదంతా చిన్నవాళ్ల అమాయకత్వం అనుకోకండి. యూఎన్‌జీ పుట్టడానికి ఏడు నెలల ముందు, 2006 సెప్టెంబరులో, అమరాంత్ అనే హెడ్జ్ ఫండు గ్యాస్‌లోనే మునిగింది. కనెక్టికట్‌లో ఆఫీసు, తొమ్మిది వందల కోట్ల డాలర్ల పైన ఆస్తి, గ్యాస్ తప్ప వేరే ధ్యాస లేని ట్రేడర్. చలికాలం చివరి నెల మార్చి, నిల్వ మొదలయ్యే నెల ఏప్రిల్. ఈ రెంటి మధ్య ధరలో తేడా పెరుగుతుందని పందెం. చలి ముదిరి నిల్వ అడుగంటితే మార్చి గ్యాస్ ఎంతకైనా పోతుంది, మామూలుగా గడిచిపోతే ఆ తేడా మాయమైపోతుంది. ఈ పందేన్ని అక్కడివాళ్లు విడోమేకర్ అంటారు, ఎందుకో చెప్పక్కర్లేదు. అంతకు ముందు ఏడు కత్రినా, రీటా తుపానులు వచ్చాక గ్యాస్ 15 డాలర్లకు పోయింది. 2006లో అలాంటి తుపానులు రాలేదు. కొన్ని వారాల్లో ఆరు వందల కోట్ల డాలర్లకు పైగా పోయాయి.

ఇక మన దగ్గరికి వద్దాం. భారతదేశంలో గ్యాస్ ఈటీఎఫ్ లేదు. సరుకుల్లో మన దగ్గర ఈటీఎఫ్‌లంటే బంగారం, వెండి, అంతే. ఈ విషయంలో మన వ్యవస్థ వెనకబడిందని నేను అనుకోను. లేకపోవడమే మేలు చేసిన కొద్ది వాటిలో ఇదొకటి. కానీ ఆ సరదా తీర్చుకోవడానికి ముంబయిలో ఎంసీఎక్స్ అనే కమోడిటీ ఎక్స్ఛేంజ్ ఉంది. విజయవాడలో, రాజమండ్రిలో, హైదరాబాదులో ఎన్‌జీ అంటే చాలు, ఇంకేమీ చెప్పక్కర్లేని వాళ్లు బోలెడంత మంది. వాళ్ల వారంలో గురువారం సాయంత్రానికి ఒక ప్రత్యేకత ఉంది. అమెరికా ఇంధన సమాచార సంస్థ గ్యాస్ నిల్వల వారపు లెక్క విడుదల చేసేది అప్పుడే. అక్కడ పొద్దున పదిన్నర, ఇక్కడ ఎండాకాలంలో రాత్రి ఎనిమిది, చలికాలంలో తొమ్మిది. ఏడున్నర నుంచే వాట్సాప్ గ్రూపుల్లో హడావుడి. ఇన్వెంటరీ ఎంత రావచ్చు, పోయిన వారం ఎంత, ఐదేళ్ల సగటు ఎంత. అంకె పడుతుంది. అంచనా కంటే నిల్వ ఎక్కువ చేరితే ధర కిందికి, తక్కువైతే పైకి. ఒక్క నిమిషంలో స్టాప్‌లాస్‌లన్నీ ఎగిరిపోతాయి, మరు నిమిషంలో ధర మళ్లీ మొదటి చోటికి వచ్చి నిలబడుతుంది. పెద్ద లాట్ 1,250 ఎంఎంబీటీయూలు, ధర ఒక్క రూపాయి కదిలితే 1,250 రూపాయలు. 2023లో వచ్చిన మినీ లాట్ 250. మినీ అనగానే చిన్నదే కదా అని నాలుగైదు లాట్లు వేసుకునేవాళ్లకు పెద్ద లాట్‌కూ దీనికీ తేడా ఏమిటో నాకు అర్థం కాదు.

ఇక్కడ ఒక అపోహ. కోనసీమ వాళ్లలో ఎక్కువగా చూశాను. మా తాటిపాకలో గ్యాస్ ఉంది, మా సముద్రంలో గ్యాస్ ఉంది, మాకు తెలియని గ్యాసా అని. ఎంసీఎక్స్‌లో ట్రేడయ్యే గ్యాస్‌కు కృష్ణా గోదావరి బేసిన్‌తో సంబంధం లేదు. ఎక్స్‌పైరీ రోజు దాని ధర తేల్చేది నైమెక్స్ ధరను రూపాయల్లోకి మార్చే. గోదావరి ఒడ్డున బావి ఆగినా, నడిచినా ఆ తెర మీద అంకె కదలదు. ఓహైయోలో మంచు పడితే కదులుతుంది. ఒకప్పుడు సంబంధం ఉన్న మాట వాస్తవమే, అదీ తలకిందులుగా. 2014 నుంచి 2023 మార్చి దాకా ఓఎన్‌జీసీ పాత క్షేత్రాల గ్యాస్‌కు ప్రభుత్వం ఇచ్చే ధరను లెక్కగట్టిన సూత్రంలో హెన్రీ హబ్ ధర కూడా ఒక భాగం. అమలాపురం పొలాల కింద గ్యాస్‌కు రేటు కట్టడంలో లూసియానాకు వాటా ఉండేది. 2023 ఏప్రిల్ నుంచి దాన్ని మార్చి మన దేశం కొనే ముడి చమురు ధరలో పది శాతంగా పెట్టారు. ఇక గెయిల్ అమెరికా నుంచి తెచ్చుకునే ఎల్‌ఎన్‌జీ వేరే కథ. 2018 మార్చిలో దాభోల్‌కు తొలి ఓడ వచ్చింది. ఆ ఒప్పందంలో ధర ఇప్పటికీ హెన్రీ హబ్‌కు 115 శాతం, దాని మీద ద్రవీకరణ రుసుము. మన ఎరువుల ఫ్యాక్టరీకో, సిటీ గ్యాస్‌కో ఆ ధర తగిలితే తగలొచ్చు. మీ మినీ లాట్‌కు దానితో పని లేదు.

మరి ఈ ఫండ్లు ఎవరి కోసం? తుపాను రెండు రోజుల్లో వస్తుందని అనుకునేవాడి కోసం, వారంలో లెక్క తేల్చుకుని వెళ్లిపోయేవాడి కోసం, గ్యాస్ వాడే పరిశ్రమ ఉండి ధర పెరుగుదల నుంచి రక్షణ కావాలనుకునేవాడి కోసం. పిల్ల పెళ్లికి, రిటైర్మెంటుకు దాచుకునేవాడి కోసం కాదు. నెలలు ఉంచక తప్పదనుకుంటే, పన్నెండు నెలల కాంట్రాక్టులకు డబ్బు పరిచే యూఎన్‌ఎల్ అనే ఫండు 2009 నుంచి ఉంది. దానిలో నష్టం నెమ్మదిగా జరుగుతుంది, లాభం వచ్చినా నెమ్మదిగానే. గ్యాస్ తీసే కంపెనీల షేర్లు పట్టుకునే ఎఫ్‌సీజీ లాంటివి ఇంకో దారి. వాటిలో రోలోవర్ బెడద లేదు. బదులుగా కంపెనీల అప్పులు ఉంటాయి. అమెరికా గ్యాస్‌కు ఒకప్పుడు మారుపేరైన చీసపీక్ ఎనర్జీ 2020 జూన్‌లో దివాలా కోర్టు మెట్లెక్కింది. నన్నడిగితే గ్యాస్ మీద దీర్ఘకాలం నమ్మకం ఉన్నవాడు కంపెనీల లెక్కలు చదవడం నేర్చుకోవడమే నయం. వాతావరణం కంటే బ్యాలెన్స్ షీటు కొంచెం మాట వింటుంది.

కొనే ముందు చూడాల్సింది ఒక్కటే చెబుతాను. ఎక్స్ఛేంజ్ వెబ్‌సైట్‌లో అన్ని నెలల కాంట్రాక్టుల ధరలూ వరసగా ఉచితంగా కనిపిస్తాయి. ఈ నెలది, వచ్చే నెలది పక్కపక్కన పెట్టి, తేడా ఎంత శాతమో లెక్కేయండి. అదే మీరు నెలకు కట్టబోయే అద్దె. గ్యాస్ అంతకంటే వేగంగా పెరుగుతుందని మీ దగ్గర కారణం ఉందా? ఉంటే ఏ నెలలోపు? ఈ ప్రశ్నకు జవాబు రాకపోతే ఆ పేజీ మూసేసి పడుకోవచ్చు.

చివరగా పన్నుల మాట, అమెరికాలో ఉన్న మనవాళ్ల కోసం. యూఎన్‌జీ, బాయిల్, కోల్డ్ లాంటివి పన్ను చట్టం ప్రకారం పార్ట్‌నర్‌షిప్‌లు. మీరు పది యూనిట్లు కొన్నా అందులో భాగస్వామే. బ్రోకరు పంపే మామూలు 1099 ఫారంతో పని అయిపోదు. మార్చిలో షెడ్యూల్ కె-1 అనే ఫారం వస్తుంది. అది రాకముందే రిటర్ను వేసేసినవాళ్లు మళ్లీ సవరించుకోవాల్సి వస్తుంది. ఫ్యూచర్స్ మీద లాభాన్ని ఎన్నాళ్లు ఉంచుకున్నా 60 శాతం దీర్ఘకాలికం, 40 శాతం స్వల్పకాలికంగా చూస్తారు, పైగా డిసెంబరు 31న ఫండు తన కాంట్రాక్టులు అమ్మకపోయినా అమ్మినట్టే లెక్క. మీరు యూనిట్ అమ్మకుండానే పన్ను పడొచ్చు. ఇండియా నుంచి డాలర్లు పంపి కొనేవాళ్లకు మరో ముల్లు ఉంది. 2023 జనవరి నుంచి ఇలాంటి పార్ట్‌నర్‌షిప్ యూనిట్లను అమెరికన్లు కానివాళ్లు అమ్మితే వచ్చిన మొత్తంలో పది శాతం అక్కడే పట్టుకుంటారు. లాభంలో పది శాతం కాదండీ, అమ్మిన మొత్తంలో. నష్టానికి అమ్మినా పట్టుకుంటారు. కొన్ని ఫండ్లు మినహాయింపు నోటీసు ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. మీ ఫండు ఏ రకమో బ్రోకర్ని కొన్నాక కాదు, కొనకముందే అడగండి.